అలారం 'వెంట్ ఆఫ్' అంటే మోగిందా, ఆగిందా?

నైట్‌డ్యూటీ

మొన్న రాత్రి డ్యూటీలో నా పరువు పోయింది. రెండే రెండు ముక్కల మాట వల్ల పోయింది. అందుకే అడుగుతున్నాను.

రాత్రంతా స్క్రీన్ల ముందు కూర్చుని ఇంకొకళ్ళ సర్వర్లకి కాపలా కాసే ఉద్యోగం నాది. వాళ్ళ సర్వర్ రూము ఎక్కడో ఉంటుంది, నేనెక్కడో ఉంటాను. ఆ రూములో వేడి పెరిగితే అక్కడ సైరన్ కూస్తుంది, ఇక్కడ నా స్క్రీను మీద ఎర్ర గీత పడుతుంది. 2:10కి అక్కడి మనిషి చాట్‌లో ఇలా పెట్టాడు: "ద అలారం వెంట్ ఆఫ్. కెన్ యూ హావ్ ఎ లుక్?"

అలారం ఆఫ్ అయిపోయింది, ఓసారి చూడు అంటున్నాడనుకున్నాను. చూశాను. ఎరుపన్నదే లేదు, అంతా పచ్చగా ఉంది. (నా స్క్రీను 5 నిమిషాలకోసారి గానీ రిఫ్రెష్ అవదని ఆ సమయంలో గుర్తు రాలేదు.) "ఎస్, ఇట్ ఈజ్ ఆఫ్ నౌ, థాంక్యూ" అని పెట్టి, నీళ్ళ బాటిల్ నింపుకుందామని లేచాను.

తిరిగొచ్చేసరికి ఇంకో మెసేజ్. "ఇట్స్ స్టిల్ గోయింగ్ ఆఫ్." ఇంకా ఆఫ్ అవుతూనే ఉందట! ఆగడానికే ఇంతసేపు తీసుకుంటోందంటే బాగా పాత మోడలేమో అనుకున్నాను. "నో ప్రాబ్లం, టేక్ యువర్ టైమ్" అని జవాబిచ్చాను. నిజంగా ఇచ్చాను. స్క్రీన్‌షాట్ మా టీమ్ లీడ్ దగ్గరుంది. ఈపాటికి అందరి దగ్గరా ఉండే ఉంటుంది.

2:24కి ఫోన్ వచ్చింది. ఆయన గొంతు వెనకాల సైరన్ చెవులు చిల్లులు పడేలా కూస్తోంది. అప్పుడు వెలిగింది నా బల్బు. అక్కడ ఏసీ ఆగిపోయి రూము కాగిపోతోంది. రెండు మెషీన్లు వేడికి వాటంతటవే షట్‌డౌన్ అయ్యాయి. డేటా ఏమీ పోలేదు, అంతవరకు నయం.

పొద్దున లీడ్ పిలిచి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. సార్, ఆఫ్ అంటే ఆఫే కదా. లైట్ ఆఫ్, ఫ్యాన్ ఆఫ్, ఫోన్ స్విచ్ ఆఫ్, ఆఖరికి మూడ్ ఆఫ్. ఎక్కడ చూసినా ఆగడమే. ఆయన నవ్వలేదు. పైగా ఆ రోజు క్లయింటుకి వెళ్ళిన రిపోర్టులో మొదటి వాక్యం ఏమిటో తెలుసా? "ద ఏసీ వెంట్ ఆఫ్ అండ్ ద అలారం వెంట్ ఆఫ్." మొదటిది ఆగిందట, రెండోది మోగిందట. ఒకే వాక్యం, అదే మాట!

డిక్షనరీ తెరిచాను. అర్థాలు వరసపెట్టి ఇచ్చింది. చదవడం అయ్యేసరికి అంతకుముందు తెలిసిన ఒక్కటీ కూడా అనుమానంలో పడింది. గో ఆఫ్ అన్నప్పుడు ఏది ఆగుతుందో ఏది మోగుతుందో పట్టుకునే దారి ఏమన్నా ఉందా? అలారం నిజంగానే ఆగిపోతే ఏమని చెప్పాలి? ఎవరైనా నెమ్మదిగా చెప్పండి, ఇవాళ కూడా నైట్ డ్యూటీయే.

ఉప్పుకారం

"టేక్ యువర్ టైమ్" దగ్గర ఆగిపోయాను భయ్యా, ముందుకు చదవలేకపోయాను. అక్కడ మంటలొస్తున్నాయన్నా "నో హర్రీ" అనేవాడివేమో.

సీరియస్‌గా చెప్పాలంటే ఇంత ఆలోచన అక్కర్లేదు. కాంటెక్స్ట్ చూసుకుంటే చాలు.

నైట్‌డ్యూటీ

కాంటెక్స్ట్ చూశాను బ్రదర్. కాంటెక్స్ట్ పచ్చగా ఉంది.

తాళంచెవి

నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. ఈ మాట దగ్గర నేనూ ఒకప్పుడు బోర్లాపడ్డవాణ్ణే. నన్ను ఒడ్డున పడేసింది డిక్షనరీ కాదు, ఒక పాత అలారం గడియారం.

కీ ఇచ్చే గడియారాలు విప్పి బాగుచెయ్యడం నాకున్న పిచ్చి. వాటి వెనక రెండు కీలుంటాయి. ఒకటి ముళ్ళు నడిపే స్ప్రింగుకి, ఇంకొకటి అలారం స్ప్రింగుకి. రెండో కీ బిగించారనుకోండి, లోపల స్ప్రింగు చుట్టుకుని ఎప్పుడు విప్పుకుందామా అని కాచుక్కూచుంటుంది. గంట కొట్టే బుల్లి సుత్తిని ఒక సన్నటి రేకు అడ్డం పడి ఆపుతూ ఉంటుంది. మీరు పెట్టిన టైము రాగానే లోపల ఒక చక్రం, ఎదురుగా ఉన్న గాడిలోకి టక్కున దిగుతుంది. దాంతో రేకు పక్కకి జరుగుతుంది. ఇక సుత్తిని పట్టుకునేవాడు లేడు. స్ప్రింగు బలమంతా విప్పుకునేదాకా గంట బాదుతూనే ఉంటుంది. మొదటిసారి వెనక మూత తీసిపెట్టి ఈ తతంగమంతా కళ్ళారా చూసినప్పుడు 'వెంట్ ఆఫ్' అన్న మాట లోపలి నుంచి అర్థమైంది. అక్కడ ఆఫ్ అయింది గంట కాదు. పట్టు.

తుపాకీదీ ఇదే కథ. లోపల స్ప్రింగు బిగబట్టి ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే పట్టు వదులుతుంది. ద గన్ వెంట్ ఆఫ్ అంటే తుపాకీ పేలింది. పాతకాలపు చెకుముకి తుపాకుల్లో సుత్తిని సగం వరకు లాగి ఉంచే ఏర్పాటొకటి ఉండేది, దాన్ని హాఫ్ కాక్ అనేవాళ్ళు. అలా ఉన్నప్పుడు తుపాకీ పేలకూడదు, అది జాగ్రత్త కోసం పెట్టింది. ఖర్మకాలి అప్పుడే పేలిందా, గురీ ఉండదు, పాడూ ఉండదు. అందుకే సరుకూ సరంజామా సిద్ధం చేసుకోకుండా తొందరపడి నోరో చెయ్యో జారినవాణ్ణి ఇప్పటికీ "హీ వెంట్ ఆఫ్ హాఫ్ కాక్డ్" అంటారు. మీ సంగతి కాదులెండి. మీరు అసలు పేలలేదు.

బాంబు, టపాకాయ, కెమెరా ఫ్లాష్, కారులో ఎయిర్‌బ్యాగ్ అన్నీ ఈ జాతివే. నిండి, బిగుసుకుని, ఊరికే కూర్చుని ఉండేవి. వాటి బతుకంతా మౌనం. అవి గో ఆఫ్ అయ్యాయంటే ఆ మౌనం భళ్ళుమంది అని.

ఇప్పుడు ఏసీ దగ్గరికి రండి. దాని బతుకు నడవడం. లైటుది వెలగడం, హీటరుది కాగడం, కరెంటుది ప్రవహించడం. అవి గో ఆఫ్ అయితే నడక ఆగిపోయింది అని. కాబట్టి నేను గుర్తుపెట్టుకున్న కొండగుర్తు ఇది: గో ఆఫ్ అంటే ఆగడమూ కాదు, మోగడమూ కాదు. మామూలుగా ఉండే తీరు నుంచి తప్పుకోవడం. ఊరికే ఉండేది ఉలిక్కిపడుతుంది, నడిచేది ఆగుతుంది. మీ రిపోర్టు వాక్యానికి పెట్టి చూడండి. ఏసీ తన మామూలు తప్పింది, అలారం తన మామూలు తప్పింది. రెండుచోట్లా మాట ఒకే పని చేసింది.

ఇది భాషాశాస్త్రం కాదు, గడియారాల మెకానిక్ లెక్క. కానీ నాకు ఇప్పటిదాకా దెబ్బ కొట్టలేదు.

ఇంకొకటి. మంట ఆరిపోతే మాత్రం గో ఆఫ్ అనకండి, అది గో అవుట్. ద ఫైర్ వెంట్ అవుట్ అంటే మంట ఆరింది. ద ఫైర్ అలారం వెంట్ ఆఫ్ అంటే అగ్గి అలారం మోగింది. కొవ్వొత్తీ అంతే, ఆరితే అవుటే. లైటు మాత్రం అదృష్టవంతురాలు, ఆఫ్ అన్నా అవుట్ అన్నా నడుస్తుంది.

ఉప్పుకారం

గురువు గారూ, ఒక డౌటు. నా ఫోన్‌లో అలారానికి స్ప్రింగూ లేదు, రేకూ లేదు. అదెందుకు గో ఆఫ్ అవుతుంది?

తాళంచెవి

వస్తువు మారినా మాట అక్కడే ఉండిపోయింది. ఫోన్ ఎత్తినా ఎత్తకపోయినా పిక్ చేశావా అంటాం, డయల్ అన్నదే లేని ఫోన్‌లో నంబరు డయల్ చేస్తాం. ఇదీ అలాంటిదే.

అరసున్న

తాళంచెవి గారి గడియారం బాగుంది. కానీ ఆయన లెక్క వస్తువుల దగ్గర ఆగిపోయింది. నాకు ఈ మాటతో గొడవ మనుషుల దగ్గర వచ్చింది. నేను సబ్‌టైటిళ్ళకి తెలుగు రాస్తుంటాను. ఒక సీరియల్లో ఒకావిడ స్నేహితురాలితో అంటుంది, "ఐ హావ్ గాన్ ఆఫ్ హిమ్." నేను చకచకా "నేను అతన్ని వదిలి వెళ్ళిపోయాను" అని కొట్టేసి ముందుకెళ్ళాను. తర్వాతి సీనులో ఆవిడ అదే ఇంట్లో, అదే మనిషి పక్కన కూర్చుని టీవీ చూస్తోంది! ఎక్కడికీ వెళ్ళలేదు మహాతల్లి. చూసి చెప్పేవాళ్ళు "ఎప్పుడు తిరిగొచ్చింది?" అని ఎర్ర గీత పెట్టి పంపారు.

అసలు అర్థం, అతని మీద మనసు విరిగింది అని. ఇష్టం ఉండేది, పోయింది. ఈ వాడుక ముఖ్యంగా బ్రిటిష్ ఇంగ్లీషుది. మనిషి అయినా సరే, కాఫీ అయినా సరే, ఒక పాట అయినా సరే. "ఐ హావ్ గాన్ ఆఫ్ కాఫీ" అంటే కాఫీ మీద మోజు పోయింది, ఇప్పుడు తాగబుద్ధి కావట్లేదు అని.

తప్పు దిద్దుతూ "మనసు విరిగింది" అని టైపు చేశాక వేళ్ళు ఆగిపోయాయి. ఎందుకంటే అంతకు వారం ముందే ఇంకో ఎపిసోడులో "ద మిల్క్ హాజ్ గాన్ ఆఫ్" వస్తే "పాలు విరిగిపోయాయి" అని రాశాను. ఇంగ్లీషువాడు పాలకీ మనసుకీ ఒకే మాట వాడాడు, సరే. మనం చేసిందేమిటి? పాలూ విరుగుతాయి, మనసూ విరుగుతుంది. ఎవరూ చెప్పుకోకుండానే రెండు భాషలూ ఒకే పోలిక పట్టుకున్నాయి. ఆ పూట పని మానేసి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అక్కడి నుంచి తీగ లాగితే డొంకంతా కదిలింది. నైట్‌డ్యూటీ గారూ, మీరు ఈ మాట ఎంత చిత్రం అని అడిగారు కదా. మీ ప్రశ్నలో మొదటి వాక్యం మీరే ఓసారి చదువుకోండి. "పరువు పోయింది." కింద "రెండు ముక్కల మాట వల్ల పోయింది." ఇంకా కింద "ఏసీ ఆగిపోయి", "కాగిపోతోంది", "డేటా ఏమీ పోలేదు". మన 'పో' తక్కువ తిందా? కరెంటు పోయింది, లైట్లు పోయాయి: ద లైట్స్ వెంట్ ఆఫ్. చెప్పకుండా వెళ్ళిపోయాడు: హీ వెంట్ ఆఫ్ వితౌట్ ఎ వర్డ్. పాలు విరిగిపోయాయి, మోజు పోయింది, బాంబు పేలిపోయింది. అన్నింటికీ గో ఆఫ్ సరిపోతుంది. పసిపిల్లని జోకొట్టి జోకొట్టి, కళ్ళు మూతపడగానే తల్లి గుసగుసగా "షి హాజ్ గాన్ ఆఫ్" అంటుంది. పడుకుంది అని. మనమేమంటాం? నిద్రపోయింది. నిద్రకి కూడా 'పోయింది' తగిలించిన మనమా ఇంగ్లీషుని ఆడిపోసుకునేది!

ఆఖరికి అలారం కూడా. సైరన్ చెవులు చిల్లులు పడేలా ఉంటే "అబ్బ, మోగిపోతోంది" అంటాం కదా. మోగడానికీ పోవడానికీ ఏం సంబంధం? ఏమీ లేదు. చెయ్యి దాటింది, ఇక మన అదుపులో లేదు అని ఆ 'పో' చెబుతుంది. తాళంచెవి గారి గడియారంలో పట్టు తప్పడమూ అదే కదా.

అయితే ఒక్కచోట గీత గియ్యాలి. మనిషి 'పోయాడు' అంటే మనకి చనిపోయాడు. ఇంగ్లీషులో గో ఆఫ్‌కి ఆ అర్థం లేదు. దానికి పాస్ అవే ఉంది. "మై బాస్ వెంట్ ఆఫ్" అని చదివి కంగారుపడి పూలదండ కొనేరు.

వ్యాకరణం కూడా ఒక్క ముక్క. స్విచ్ ఇట్ ఆఫ్, టర్న్ ఇట్ ఆఫ్ అన్నట్టుగా 'వెంట్ ఇట్ ఆఫ్' అనకూడదు. ఇష్టం పోయిందన్న అర్థంలో మధ్యలో ఏదీ దూరదు, ఐ వెంట్ ఆఫ్ ఇట్ అనే అనాలి. మిగతా అర్థాల్లో అసలు కర్మే ఉండదు. ఎవరూ చెయ్యరు, దానంతటది జరుగుతుంది. మన 'పోయింది'లో లాగే.

రెండోచెవి

అరసున్న గారికి చిన్న చేర్పు. నేను మాట్లాడే కస్టమర్లంతా అమెరికా వాళ్ళు. పాలు గో ఆఫ్ అవడం, కాఫీ మీద మోజు గో ఆఫ్ అవడం వాళ్ళ నోట నేను వినలేదు. పాలు పాడైతే వెంట్ బ్యాడ్ అనో, పులిసిపోతే వెంట్ సవర్ అనో అంటారు. వాళ్ళ దగ్గర నేను ఎక్కువ విన్నది ఇంకోటి, "షి వెంట్ ఆఫ్ ఆన్ మీ." ఆవిడ నా మీద విరుచుకుపడింది అని. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడు కాల్ నోట్స్‌లో ఇది చూసి, కస్టమర్ ఫోన్ పెట్టేసింది అనుకుని కేసు క్లోజ్ చేసేశాడు. పెట్టెయ్యడం కాదు, ఆవిడ ఇరవై నిమిషాలు దులిపింది. తిట్లు తిన్నది నేను.

పక్కన ఆన్ ఉందా లేదా అన్నదే గుర్తు. షి వెంట్ ఆఫ్ అంతవరకే ఉంటే వెళ్ళిపోయి ఉండొచ్చు. ఆన్ మీ, ఆన్ హిమ్ అని మనిషి తగిలితే పేలినట్టు. కానీ "వెంట్ ఆఫ్ ఆన్ ఎ టాంజెంట్" అంటే తిట్టడం కాదు, అసలు విషయం వదిలేసి మాట ఎటో పట్టుకుపోవడం. మా వీక్లీ మీటింగులన్నీ ఆ కోవే.

ఉప్పుకారం

మీటింగ్ అంటే గుర్తొచ్చింది. పోయిన నెల మా మేనేజర్ మెయిల్: "ద డెమో వెంట్ ఆఫ్ వెల్." నేను డెమోకి వెళ్ళలేదు. ఇది చూసి, క్యాన్సిల్ అయింది, బతికిపోయాను అనుకున్నాను. సోమవారం "ఎందుకు రాలేదు" అని అడిగితే "క్యాన్సిల్ అని మీరే రాశారు కదా" అన్నాను. ఇప్పుడు ఇదంతా చదువుతుంటే చెమటలు పడుతున్నాయి. నైట్‌డ్యూటీ భయ్యా, నిన్ను చూసి నవ్వినందుకు సారీ.

నైట్‌డ్యూటీ

సారీ ఎందుకు బ్రదర్, టేక్ యువర్ టైమ్.

అరసున్న

ఉప్పుకారం గారూ, డెమో జరిగింది, బాగా జరిగింది. కాకపోతే ఈ అర్థం రావాలంటే ఎలా జరిగిందో చెప్పే మాట పక్కన తోడుండాలి. వెల్, స్మూత్లీ, వితౌట్ ఎ హిచ్, ఇలాంటిదేదో ఒకటి. ద డెమో వెంట్ ఆఫ్ అని అక్కడితో వదిలేస్తే వినేవాళ్ళు తర్వాతి మాట కోసం చూస్తారు.

మిమ్మల్ని ముంచింది 'ఈజ్ ఆఫ్'. ద డెమో ఈజ్ ఆఫ్ అంటే రద్దు. ద డెమో వెంట్ ఆఫ్ వెల్ అంటే దివ్యంగా జరిగింది. రెండూ పూర్తిగా ఎదురెదురు. పాల విషయంలో మాత్రం గొడవ లేదు. ద మిల్క్ ఈజ్ ఆఫ్ అన్నా హాజ్ గాన్ ఆఫ్ అన్నా పాలు పాడయ్యాయనే.

ఇంకో మాట. ఒక ఎఫ్ ఉన్న ఆఫ్, రెండు ఎఫ్‌లున్న ఆఫ్ పాత ఇంగ్లీషులో ఒకే మాట. దూరంగా, దాన్నుంచి అని అర్థం. ఒత్తి పలికినది రెండు ఎఫ్‌లతో ఒకవైపు, తేలిగ్గా పలికినది ఒక ఎఫ్‌తో ఇంకోవైపు వెళ్ళాయి. 17వ శతాబ్దం నాటికి గానీ స్పెల్లింగులు తేటగా వేరుపడలేదు. అంటే ఈ మాట పుట్టుకలో ఉన్నది దూరం జరగడమే, స్విచ్చు తర్వాత వచ్చింది. మనకేమో స్విచ్చుతోనే మొదట పరిచయమైంది, దాంతో మిగతా అర్థాలన్నీ దొంగల్లా కనిపిస్తాయి. పైగా మన నోట్లో సగం అనే హాఫ్ కూడా ఆఫే అవుతుంది. ఆఫ్ డే లీవ్ అంటే పూర్తి సెలవో, సగం సెలవో దేవుడికెరుక.

తాళంచెవి

నైట్‌డ్యూటీ గారు అడిగిన రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. అలారం ఆగితే ఏమనాలి? సాదాగా ద అలారం స్టాప్డ్ అనండి. మీరే ఆపితే ఐ టర్న్డ్ ఇట్ ఆఫ్. మీ మానిటరింగ్ వాళ్ళ భాషలో అయితే ద అలారం క్లియర్డ్ అంటారు, అది మీకే బాగా తెలిసి ఉండాలి. మోగించినది ఏదో చెప్పాలంటే సెట్ ఆఫ్. పొగ అలారాన్ని మోగించింది అంటే ద స్మోక్ సెట్ ఆఫ్ ద అలారం. గో ఆఫ్ దానంతటది, సెట్ ఆఫ్ ఇంకొకటి పూనుకుని. మోగడం, మోగించడం లాగా.

ఇవన్నీ ఒకే వాక్యంలో కావాలంటే ఇదిగో: "ద స్మోక్ సెట్ ఆఫ్ ద అలారం, ఇట్ వెంట్ ఆఫ్ ఫర్ టెన్ మినిట్స్, దెన్ ఐ టర్న్డ్ ఇట్ ఆఫ్." మూడు ఆఫ్‌లు. మొదటి రెండిటికీ మోత, మూడోదానికి నిశ్శబ్దం. నాలుగుసార్లు పైకి చదవండి, నోటికి పట్టేస్తుంది.

ఒక్క తప్పు మాత్రం చెయ్యకండి. 'ఆఫ్ అయిపోయింది'ని ఉన్నదున్నట్టు దించి "మై ఫోన్ గాట్ ఆఫ్" అంటుంటారు చాలామంది. గెట్ ఆఫ్ అంటే బస్సు దిగడం. ఫోన్ ఏ స్టాపులో దిగిందని అడుగుతారు. ఛార్జింగ్ అయిపోతే మై ఫోన్ డైడ్ అంటే చాలు.

నైట్‌డ్యూటీ

అందరికీ దండాలు. రిపోర్టు మొన్ననే వెళ్ళిపోయింది కాబట్టి పరువు తిరిగి రాదు. కానీ తాళంచెవి గారి మూడు ఆఫ్‌ల వాక్యం కాగితం మీద రాసి మానిటర్ కింద అతికించాను. పక్క సీటు అమ్మాయి చదివి, "ఇది చూస్తుంటే నాకు ఉన్న ఇంగ్లీషు కూడా పోయేలా ఉంది" అంది. అరసున్న గారూ, 'పో'ని నేనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పొద్దున ఇంటికి వెళ్ళి పడుకునేలోపే ముప్పై దాటాయి. తర్వాత నిద్రపోయాను. ముప్పై ఒకటి.

అసలు సంగతి చెప్పాలి. రాత్రి 3:40కి మళ్ళీ అదే మనిషి, అదే చాట్. "ఇట్ వెంట్ ఆఫ్ అగైన్ ట్వెంటీ మినిట్స్ ఎగో. ఇట్స్ ఆఫ్ నౌ." గుండె గుభేలుమంది. వెంట్ ఆఫ్, ఈజ్ ఆఫ్ రెండూ పక్కపక్కనే పెట్టాడు, కావాలనే పెట్టాడేమో. కాగితం వైపు చూశాను. వేలు పెట్టి ఒక్కో మాటే చదివాను. ఇరవై నిమిషాల క్రితం మోగింది, ఇప్పుడు ఆగింది. స్క్రీను చేత్తో రిఫ్రెష్ చేశాను, రూము టెంపరేచర్ దిగుతోంది. లాగ్ తెరిస్తే 3:20 దగ్గర ఎర్ర గీత ఉంది. సరిపోయింది.

జవాబు టైప్ చేసి, చెరిపి, మళ్ళీ టైప్ చేశాను. ఆఖరికి ఆఫ్ అన్న మాటే లేకుండా పంపాను: "సీన్. అలారం క్లియర్డ్ ఎట్ త్రీ థర్టీ. చెకింగ్ ద ఏసీ." ఆయన బొటనవేలు గుర్తు పెట్టాడు. ఒక నిమిషం ఆగి ఇంకో మెసేజ్ పెట్టాడు: "గ్రేట్. ఐ యామ్ ఆఫ్ నౌ."

ఇదేమిటి? ఈయన మోగాడా, ఆగాడా?

అరసున్న

ఆయన డ్యూటీ అయిపోయింది. ఇంటికి పోతున్నాడు.